రంగులు వేయకముందే ఇల్లు చూపించండి



ఇల్లు అమ్మేద్దామని ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మాట అనుకున్నాక, ఆ గుమ్మంలోకి మొదట అడుగుపెట్టేది చాలాచోట్ల రంగుల మేస్త్రి. ఏజెంటు వచ్చి ఇల్లంతా ఓసారి కలియదిరిగి, "ఒక కోటింగు కొట్టించండి సార్, రేటు అదే పలుకుతుంది" అంటాడు. వెంటనే గోడలకు లప్పం పడుతుంది. బీటలు పూడిపోతాయి. వంటింటి శ్లాబుకు ఏళ్లుగా ఉన్న చెమ్మ మరక రంగు కింద మాయమవుతుంది. ఇల్లు కళకళలాడుతుంది. కానీ ఆ ఇంటికి నిజంగా ఏమైందో తెలుసుకునే దారి మాత్రం ఆ రోజుతో మూసుకుపోతుంది. కొనేవారికే కాదు, అమ్మేవారికి కూడా.

నేను సివిల్ ఇంజనీరుని. పాత ఇళ్లు చూసి వాటి పరిస్థితి చెప్పడం నా పని. ఇప్పుడు నడుస్తున్న ఈ వరసను మార్చుకోమని అడగడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. ముందు ఇంజనీరుకు చూపించండి. ఆయన చెప్పినదాన్ని బట్టి మరమ్మతులు. రంగులు అన్నిటికంటే చివర.

మన దగ్గర ఇల్లు చేతులు మారేటప్పుడు పరీక్షలు లేవని కాదు, చాలానే ఉన్నాయి. ఈసీ తీస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకిచ్చి చదివిస్తారు, వాస్తు తెలిసినవారిని తీసుకొచ్చి గదులు చూపిస్తారు. లోను తీసుకుంటుంటే బ్యాంకు తరఫున వాల్యూయరు వచ్చి కొలతలు వేసుకుని విలువ కట్టి వెళ్తారు. కానీ పిల్లరు లోపలి ఇనుము ఎలా ఉంది, శ్లాబు ఇంకెన్నాళ్లు మోస్తుంది, ఎర్తింగు పనిచేస్తోందా అని అడిగే మనిషి ఈ వరసలో లేడు. హైదరాబాదులో, విశాఖపట్నంలో ఈ మధ్య కొనేవారు తమ ఇంజనీరును వెంటపెట్టుకు రావడం మొదలైంది. మంచిదే. అయితే ఆ ఇంజనీరు వచ్చేది బేరం కుదిరాక, అడ్వాన్సు చేతులు మారాక. అప్పుడు ఏదైనా లోపం బయటపడితే అమ్మేవారి దగ్గర సమాధానం ఉండదు. మరమ్మతుకు ఎంతవుతుందో తెలియదు కాబట్టి అవతలివారు ఎంత తగ్గించమంటే అంతకు దిగాల్సి వస్తుంది, లేదా అడ్వాన్సు వెనక్కిచ్చి మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది. ఇల్లు చెడిపోయిందన్న మాట కాలనీలో పాకిందంటే తరవాత వచ్చేవాళ్లు ఆ మాటతోనే వస్తారు. కారణం తెలిసిన బీటకు ఒక ఖర్చు ఉంటుంది, దాన్ని లెక్కగట్టి మాట్లాడుకోవచ్చు. కారణం తెలియని బీట మాత్రం ధరను ఎంత కిందికైనా లాగేస్తుంది.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షను ఉంది. అమ్మే ఆస్తిలో గానీ దాని మీద హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉందనుకుందాం. అది అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించదు. అలాంటప్పుడు, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, ఆ లోపాన్ని అమ్మేవారే చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే అది మోసం కిందికి వస్తుందని అదే సెక్షను చివర ఉంది. "అయితే పరీక్ష చేయించకపోవడమే మేలు కదా, తెలియకపోతే చెప్పాల్సిన పనే ఉండదు" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఇరవై ఏళ్లు ఆ కప్పు కింద కాపురం చేసి, ప్రతి వానకీ గదిలో బకెట్టు పెట్టుకున్నవారు తెలియదని ఎలా అంటారు? బీట మీద లప్పం పూయించిన మేస్త్రి ఉంటాడు, ఆయనకు డబ్బులిచ్చిన లెక్క ఉంటుంది. అవే సాక్ష్యం. చట్టాన్ని పక్కన పెట్టినా, రేపు ఆ శ్లాబు కింద మంచం వేసుకుని పడుకునేది ఒక కుటుంబం. ఆ సంగతి మరిచిపోయి ఇల్లు అమ్మడం నాకు సమ్మతం కాదు.

ఇంతకీ పరీక్షలో ఏం చూస్తారు? నేనైతే డాబా ఎక్కి పైనుంచి మొదలుపెడతాను. మన ఇళ్లకు మొదటి శత్రువు నీరు, అది దిగేది ఎక్కువగా పైనుంచే. వాన నీరు ఎటు పారుతోంది, ఎక్కడ మడుగు కడుతోంది, పిట్టగోడ మొదట్లో సందు ఉందా, ట్యాంకు కింద తడి ఉందా అని చూడాలి. అనుమానముంటే డాబా మీద కొద్దిపాటి నీరు ఒకరోజు నిలబెట్టి కింద చెమ్మ దిగుతుందేమో చూస్తారు. ఇందులోనూ జాగ్రత్త కావాలి. రెండంగుళాల నీరు అంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. అప్పటికే పెచ్చులూడుతున్న శ్లాబు మీద ఆ పరీక్ష చేయకూడదు. కారుతోందని ఏళ్ల తరబడి గచ్చు మీద గచ్చు పోయించిన డాబాలు కూడా చాలా చూశాను. అంగుళం మందం సిమెంటు గచ్చు సుమారు 50 కిలోల బరువును చదరపు మీటరు మీద శాశ్వతంగా పెడుతుంది. నీరు ఆగిందో లేదో గానీ శ్లాబుకు బరువు మాత్రం పెరుగుతూ పోతుంది.

డాబా దిగి గోడలకు వద్దాం. బీట కనిపిస్తే చాలు, అందరికీ భయం. బీటలన్నీ ఒకటి కావు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా గీత గీసినట్టు ఉండే బీట, రెండు వేరువేరు వస్తువులు ఎండకు వేరువేరుగా వ్యాకోచించడం వల్ల వచ్చింది. చికెన్ మెష్ వేసి పూత పూస్తే సరిపోతుంది. పై అంతస్తులో శ్లాబుకు కొంచెం కిందగా గోడ పొడవునా అడ్డంగా పోయే బీట కూడా ఎక్కువగా ఎండ పనే. ఎండకు శ్లాబు సాగుతుంది, గోడ సాగదు. వీటితో ఇంటికి ప్రమాదం లేదు. ఇలాంటి బీటను చూసి కొనేవారు లక్షలు తగ్గించమంటే, కారణం రాసిచ్చిన ఇంజనీరు రిపోర్టు ఒకటి చేతిలో ఉండటం ఎంత లాభమో ఆలోచించండి. పరీక్ష లోపాలను బయటపెట్టడానికే కాదు, లేని లోపాలను కొట్టిపారేయడానికి కూడా.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా బయల్దేరి, ఇటుకల సందుల వెంట మెట్లుమెట్లుగా దిగే బీట అయితే వేరు. అది పునాది కదిలిందని చెబుతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు వైపు నల్లరేగడి నేలల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దానితోపాటే తక్కువ లోతు పునాదులూ లేస్తూ దిగుతూ ఉంటాయి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ కదలిక ఎప్పుడో ఆగిపోయిందా, ఇంకా నడుస్తోందా? దానికి పాత పద్ధతే మంచి పద్ధతి. బీటకు అడ్డంగా చిన్న గాజుపలక అతికించి తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. బీట చివరలు ఎక్కడున్నాయో పెన్సిలుతో గుర్తు పెడతారు. ఇది ఒక్క పూటలో తేలే వ్యవహారం కాదు, ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ చూడాలి. అందుకే వచ్చే ఏడాది అమ్ముదామనుకునేవారు ఈ ఏడాదే ఇంజనీరును పిలవాలంటాను.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు నిలబడేది పిల్లర్ల దగ్గర, బీముల కింద, సజ్జల కింద. పిల్లరు అంచు వెంట నిలువుగా బీట వచ్చిందంటే లోపల ఇనుము తుప్పు పట్టి ఉండవచ్చు. కాంక్రీటుకు సహజంగా క్షారగుణం ఉంటుంది, ఆ గుణం ఉన్నంతకాలం లోపలి ఇనుముకు రక్షణ. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్లు గడిచేకొద్దీ కాంక్రీటులోకి చొచ్చుకుపోయి ఆ గుణాన్ని చంపేస్తుంది. సముద్రం దగ్గర ఉప్పుగాలి అయితే ఆ గుణం మిగిలి ఉన్నా ఇనుముకు ఇంకా తొందరగా తుప్పు పట్టిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్లకు ఇది చూసిన సంగతే. ఇనుము తుప్పుగా మారిందంటే మునుపటికి రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగులుతుంది, పెచ్చులూడుతుంది. పెచ్చు ఊడితే గాలీ తడీ నేరుగా ఇనుముకు తగులుతాయి, తుప్పు ఇంకా పెరుగుతుంది.

ఈ కథకు మొదలు చాలాసార్లు ఇల్లు కట్టిన రోజే పడుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పిల్లరులో ఇనుము మీద మామూలుగా 40 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు ఉండాలి. కవరింగు బిళ్లలు పెట్టకుండా పోసిన పాత పిల్లర్లలో ఆ మందం ఉండదు. కొన్నిచోట్ల ప్లాస్టరింగు తీస్తే చాలు, చువ్వ కనిపిస్తుంది. చూడటానికి మాత్రం పిల్లరు దిట్టంగా ఉంటుంది.

దీన్ని పసిగట్టడానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు. మొదటి సాధనం చిన్న సుత్తి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే, ఇంజనీరు పిల్లరునూ శ్లాబు అడుగునూ తడుతూ పోతాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట కాస్త చెక్కి, కొత్తగా బయటపడిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. బడిలో కెమిస్ట్రీ ల్యాబులో చూసి ఉంటారు. క్షారగుణం మిగిలి ఉంటే గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయి ఉంటే రంగు మారదు. ఇంకా లోతుగా తెలుసుకోవాలంటే కాంక్రీటు పైభాగం గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామరు ఉంది, అల్ట్రాసోనిక్ పరీక్ష ఉంది. ఈ రెండో పరీక్షలో పిల్లరుకు ఒకవైపు నుంచి ధ్వని తరంగం పంపి రెండోవైపు అందుకుంటారు. మంచి కాంక్రీటులో అది సెకనుకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లోపల బీటలూ ఖాళీలూ ఉంటే వేగం తగ్గుతుంది. జేఎన్‌టీయూ, వరంగల్ ఎన్‌ఐటీ వంటి చోట్ల సివిల్ విభాగాలకు ఈ పరీక్షలు తెలుసు, ప్రైవేటు సంస్థలూ చేస్తాయి. ప్రతి ఇంటికీ ఇవన్నీ అక్కర్లేదు. సుత్తి తేల్చలేనప్పుడే వీటి జోలికి వెళ్లాలి.

అన్నట్టు, పిల్లర్లు లేని పాత ఇళ్ల గురించీ ఒక మాట. గోదావరి జిల్లాల్లో, బందరులో ఇంకా మద్రాసు టెర్రసు ఇళ్లు, మండువా లోగిళ్లు నిలబడి ఉన్నాయి. టేకు దూలాలు, సున్నం గోడలు. వీటిని కాంక్రీటు లెక్కలతో చూడకూడదు. దూలం చివర గోడలోకి దూరినచోట చెద పట్టిందా, తడి తగులుతోందా అన్నదే అక్కడ ప్రాణం. సన్నని ఇనుపచువ్వతో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. సున్నం గోడకు చెమ్మ పట్టిందని సిమెంటు పూత పూయించడం ఆ ఇళ్లకు చేసే పెద్ద అన్యాయం. బయటికి ఆరే దారి మూసుకుపోయి తడి గోడ లోపలే ఉండిపోతుంది. అమ్మకానికి ముందు తొందరలో జరిగే పనుల్లో ఇదొకటి, నాకు బాధ కలిగించే పని.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను, కానీ తేలిగ్గా తీసుకోకండి. పాత ఫ్యూజు క్యారియర్లు, ఎర్తు తీగ లేని ప్లగ్గులు, ఏసీలూ గీజర్లూ వచ్చాక కూడా మారని సన్నటి వైర్లు మనుషుల ప్రాణాలు తీస్తాయి. లైసెన్సున్న ఎలక్ట్రీషియను ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో వైరింగును, విడిగా ఎర్తింగును పరీక్షించాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించడం అమ్మకం కోసం కాకపోయినా చేయాల్సిన పని. బోరు నీరు కూడా పరీక్షకు పంపండి. తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడుకు లీటరుకు 1 మిల్లీగ్రాము కోరదగిన హద్దు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఈ అంకె ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్లాటు అమ్మేవారికి లెక్క కొంచెం వేరు. పిల్లర్లు, పై డాబా అందరివీ కాబట్టి ఒక్క ఫ్లాటు చూస్తే సరిపోదు. కింద పార్కింగులో పిల్లర్ల మొదళ్లు, పైన డాబా కూడా చూడాలి, దానికి అసోసియేషన్‌తో మాట్లాడాలి. బాత్రూము అడుగున సంకెన్ శ్లాబులో నీరు చేరి కింది ఫ్లాటు కప్పు మీద మరకలు పడటం చాలా మామూలు జబ్బు. కింది వాళ్లింటికి వెళ్లి తలెత్తి చూడండి, మీ బాత్రూము పరిస్థితి అక్కడ కనిపిస్తుంది. ఇంకొక ముఖ్య సంగతి. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టయితే, ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత బిల్డరుదే. ఆ గడువు దాటకముందే పరీక్ష చేయించుకున్నవారు సొంత డబ్బు పెట్టే పని తప్పించుకుంటారు.

ఇంటితోపాటు ప్లానునూ పక్కన పెట్టుకుని చూడాలి. మునిసిపాలిటీ ఆమోదించిన ప్లానులో ఉన్నదేమిటి, కట్టింది ఏమిటి? తరవాత లేపిన పెంటుహౌసు, సెట్‌బ్యాకులోకి జరిపిన వంటిల్లు, గదిగా మూసేసిన బాల్కనీ ఇవన్నీ కాగితాల చిక్కులే కాదు, రెండంతస్తులకు వేసిన పునాది మూడింటిని మోస్తోందా అన్న ప్రశ్న కూడా. ఈ తేడాలు కొనేవారి బ్యాంకు లోను దగ్గర తేలితే బేరం అక్కడే ఆగిపోతుంది.

ఎవరిని పిలవాలి? స్ట్రక్చరల్ పని తెలిసిన, లైసెన్సున్న ఇంజనీరును. పరీక్ష చేసే మనిషీ, మరమ్మతు కాంట్రాక్టు తీసుకునే మనిషీ ఒక్కరే కాకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఉచితంగా చూసి పెడతామని వచ్చేవారి లెక్క చివరికి మరమ్మతు బిల్లులో తేలుతుంది. ఇంజనీరుకు ఫీజు ఇవ్వండి, రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. అందులో ఫొటోలు ఉండాలి. ఏది వెంటనే చేయాలి, ఏది ఆగవచ్చు, ఏది పట్టించుకోనక్కర్లేదు అన్నది విడివిడిగా ఉండాలి.

రిపోర్టు చేతికి వచ్చాక అన్నీ బాగు చేయించాలని లేదు. నీరు దిగడాన్ని ఆపండి, ప్రాణానికి ముప్పు ఉన్నవాటిని సరిచేయండి. తుప్పు పట్టిన పిల్లరుకు సిమెంటు పూత వైద్యం కాదు. వదులు కాంక్రీటంతా చెక్కేసి, ఇనుము తుప్పు గీకి, రక్షణ పూత వేసి, అరిగిపోయినచోట కొత్త చువ్వ కలిపి, అప్పుడు మళ్లీ కాంక్రీటుతో పూడ్చాలి. ఆ పని జరుగుతున్నప్పుడు, మూసేయకముందే ఫొటోలు తీసి పెట్టండి, బిల్లులు దాచండి. వంటింటి టైల్సు, వార్డ్‌రోబులు, గేటు మోడలు వంటివాటి మీద డబ్బు పోయకండి. కొనేవాళ్లు తమ ఇష్టానికి ఎలాగూ మార్చుకుంటారు. చేయించని పనులేమైనా ఉంటే అవి రిపోర్టులో ఉన్నట్టే కొనేవారికి చూపించి, ధరలో సర్దుబాటు చేసుకుని, ఆ మాట అగ్రిమెంటులో రాయించండి. రాయించిన మాట రేపు మీకే రక్ష.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నల ఇల్లు అమ్మాల్సి వచ్చే కుటుంబాలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. టెక్సాసులో ఇల్లు అమ్మేవారు ఇంటి స్థితిగతులు తెలిపే పత్రం నింపి కొనేవారికి ఇవ్వాలని అక్కడి చట్టమే చెబుతుంది. డాలస్‌లో ఇల్లు అమ్మిన తెలుగువాళ్లు ఆ పత్రం నింపినవాళ్లే. అలాంటివారు తెనాలిలోనో ఖమ్మంలోనో ఉన్న ఇంటికి వచ్చేసరికి అంతా ఏజెంటు నోటిమాటకు వదిలేస్తున్నారు. దూరంగా ఉన్నవారికే ఈ రిపోర్టు ఎక్కువ అవసరం. ఇల్లు చూడకుండానే బేరమాడాల్సింది వాళ్లే కదా. బాబాయో, పక్కింటివారో వెంట ఉండి ఇంజనీరుకు అన్ని గదులూ తెరిచి చూపిస్తే చాలు.

చివరగా ఒక కష్టమైన సంగతి. కొన్ని ఇళ్లను చూశాక, ఇది మరమ్మతుకు అందదని రాయాల్సి వస్తుంది. శ్లాబులో ఇనుము సగం పోయి ఉంటుంది, బీములు కిందికి వంగి ఉంటాయి. అలాంటి ఇల్లు స్థలం విలువకే అమ్ముకోవాలి, కూల్చే ఖర్చూ లెక్కలోకి తీసుకోవాలి. యజమానులు బాధపడతారు. నాన్న కట్టిన ఇల్లు, ఎంతో కొంత పలుకుతుందని పెట్టుకున్న ఆశ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అలాంటి ఇళ్లలో ముందు వాటాలోనో మేడ మీదో అద్దెకున్నవాళ్లు కూడా ఉంటారు. రిపోర్టు యజమాని చేతికే వస్తుంది, వాళ్లకు ఎవరూ చెప్పరు. అమ్మకం తేలేదాకా అద్దె పోకూడదని నెలల తరబడి దాచిపెట్టడం నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఇంజనీరు ప్రమాదం అని చెప్పిన రోజే అద్దెకున్నవాళ్లకు ఆ కాగితం చూపించండి. ఊగిపోయే సజ్జ కింద, పెచ్చులూడే శ్లాబు కింద మంచాలుంటే ఆ సాయంత్రమే పక్క గదికి మార్పించండి, అవసరమైతే జాకీలు పెట్టించండి. వాళ్లు వేరే ఇల్లు వెతుక్కోవడానికి సాయం చేయండి, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వండి. వాళ్లు ఖాళీ చేశాక, ఆ గదులకు తాళం పడ్డాకే కొనేవారితో మాటలు మొదలుపెట్టండి.